సిస్టరమ్మ కట్టిన కట్టు

నవమణమ్మ గారిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. అది ఆవిడ అలవాటు. ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రి కొలువు, అందులో సగం నర్సింగ్ స్కూల్లో పిల్లలకి పని నేర్పడం. రిటైరయ్యాక చీరాలలో రైలు పట్టాలకి అవతల రెండు గదుల ఇంట్లో ఉండేవారు. ఆవిడ చేతికింద తయారైన నర్సులు ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఉన్నా, ఎటూ తేలని చిక్కు వస్తే మటుకు ఆ ఇంటికే వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు ముందు వీధి గుమ్మం పక్కనున్న కుళాయి దగ్గర ఆగి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని గాని లోపలికి రాకూడదు. రోగిని ముట్టుకున్న చేత్తో ఇంకో వస్తువు ముట్టుకోకూడదన్నది ఆవిడ మొదటి పాఠం. మిగతా పాఠాలన్నీ మరిచిపోయినవాళ్ళకి కూడా ఇదొక్కటి గుర్తుండేది, ఎందుకంటే మరిచిపోయిన ప్రతిసారీ ఆవిడ సరిగ్గా వెనకాలే నిలబడి ఉండేవారు.

ఒక గురువారం పొద్దున పదింటికి హెప్సిబా వచ్చింది. ఒంగోల్లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సర్జరీ వార్డు నర్సు, పదిహేనేళ్ళ సర్వీసు. నడుముకి బెల్టు పెట్టుకుని, బస్సు దిగి, అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. కుళాయిని దాటేసి తిన్నగా లోపలికొచ్చి కూర్చుంది. నవమణమ్మ గారు అది చూశారు, ఏమీ అనలేదు. మంచినీళ్ళిచ్చి, "ఊఁ, చెప్పు" అన్నారు.

చెప్పింది. మూడు వారాల కిందట ఒక భారీ మనిషిని మంచం మీద పక్కకి తిప్పుతుంటే నడుం పట్టేసింది. ఎముకల డాక్టరు స్కానింగ్ చేయించి, డిస్కు జారిందనీ, ఇక జన్మలో మనుషుల్ని ఎత్తడం, వంగి పని చెయ్యడం కుదరవనీ తేల్చేశాడు. ఆస్పత్రి వాళ్ళు మంచివాళ్ళే, పొమ్మనలేదు. కింద కొత్తగా ఒక డెస్కు పెడుతున్నాం, అక్కడ కూర్చోమన్నారు. ఇంటికి పోయిన రోగులకి ఫోన్లు చేసి బాగోగులు కనుక్కోవడం, ఎవరు ఏ రోజు ఏ డాక్టరు దగ్గరికి రావాలో చూడడం, మంచం కుదర్చడం, బండి పంపించడం, ఇదీ పని. పేషెంట్ కేర్ కోఆర్డినేటర్ అని దానికొక పొడుగాటి పేరు. ఒప్పుకుంటుందో లేదో ఆ సాయంత్రం అయిదింటిలోగా చెప్పాలి. లేదంటే ఆ కుర్చీకి ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు. హెప్సిబా మాత్రం సంచిలో రాజీనామా కాగితం రాసి పెట్టుకునే వచ్చింది. తమ్ముడు ఏదో బడిలో గుమాస్తా పని చూస్తానన్నాడు.

"నా చేతులు చూడండమ్మా" అని రెండు చేతులూ చాపింది. "పదిహేనేళ్ళు సబ్బుకీ స్పిరిట్‌కీ పగిలి, ఎప్పుడూ మండుతా ఉండేయి. అన్నం కలుపుకుంటే కారం చురుక్కుమనేది. ఈ మూడు వారాల్లో చూడండి, ఎట్టా నున్నబడ్డయ్యో. నాకు వీటిని చూస్తే ఏడుపొస్తంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతులు కడుక్కోవాల్సిన అవసరమే రాని ఉద్యోగమమ్మా అది. అది నర్సు పనేనా? మీరు చెప్పండి. మీరు అవునంటే చేస్తా, కాదంటే ఈ కాగితం ఇచ్చేస్తా."

నవమణమ్మ గారు ఆ చేతులు చూశారు. అవునూ అనలేదు, కాదూ అనలేదు.

"నీ సర్వీసు మొత్తం మీద, వీణ్ణి నేను బాగా చూసుకున్నాను అని నీకు నువ్వు అనుకునే రోగి ఒకడి పేరు చెప్పు" అన్నారు.

హెప్సిబా వెతుక్కోలేదు. "పేరయ్య బాబాయ్" అంది.

పేరయ్య సముద్రం ఒడ్డున ఉప్పు మళ్ళలో పనిచేసే మనిషి, అరవై దాటిన వాడు. షుగరు ఉంది. ఆ ఉప్పు నీళ్ళలో ఉత్త కాళ్ళతో తిరిగి తిరిగి అరికాలికి పుండు పడితే, అది లోపలికి దిగి, మోకాలి కింద నుంచి తీసెయ్యాలేమోనన్న స్థితిలో వచ్చాడు. నలభై ఒక్క రోజులు వార్డులో ఉన్నాడు. రోజుకి రెండు పూటలా కట్టు మార్చింది హెప్సిబానే. సెలవు రోజున కూడా పనిగట్టుకుని వచ్చి మార్చి పోయేది. ఒకసారి ట్రైనింగు పిల్ల ఒకతి ఎండిన గుడ్డని తడపకుండా లాగేసి, అప్పుడే పట్టిన లేత చర్మం ఊడగొట్టింది. ఆ రోజు హెప్సిబా వార్డు అదిరిపోయేటట్టు కేకలేసింది. ఆ తర్వాత ఆ కాలిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పుండు నలుపు పోయి, ఎరుపు తేలి, అంచుల నుంచి పూడుకుంటూ వచ్చింది. డిశ్చార్జి రోజున తనే కట్టు కట్టింది. మడమ దగ్గర ముడి వేస్తూ, "బాబాయ్, దీన్ని తడపబాకు. అయిదో రోజున రా. ఈ కట్టు నేనే విప్పాలి, నేను తప్ప ఎవరొచ్చినా ముట్టుకోనియ్యబాకు" అంది. పేరయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఇదంతా చెబుతుంటే హెప్సిబా నడుం నెప్పి కూడా మరిచిపోయి నిటారుగా కూర్చుంది.

"ఇప్పుడెట్టా ఉన్నాడు?" అన్నారు నవమణమ్మ గారు.

"బాగానే ఉండుంటాడమ్మా. ఆయన పోయిన మర్నాడే నాకు నడుం పట్టేసిందిగా."

"ఉండుంటాడా అని కాదు నేనడిగింది."

హెప్సిబా నడుం మీది బెల్టు సర్దుకుంది.

"కనుక్కో. కనుక్కుని నాకు చెప్పు. తర్వాత నీ మాటకి జవాబు చెబుతా" అని, గోడ వార బల్ల దగ్గరున్న చెక్క కుర్చీ చూపించి, దాని వీపుకి ఒక దిండు ఆనించి, నవమణమ్మ గారు కూర తరుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

హెప్సిబాకి కొంచెం చిరాకేసింది. ఇంత దూరం నడుం పట్టుకుని వచ్చింది ఫోన్లు చెయ్యడానికా అనుకుంది. అయినా ఆవిడ చెప్పిన పని కాదనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. వార్డుకి ఫోన్ చేసి పేరయ్య నంబరు అడిగింది. కాగితం కోసం సంచిలో చెయ్యి పెట్టి, తగిలిన కాగితం తీసి, దాని వెనక రాసుకుంది. ఆ నంబరు అల్లుడిది. అతను రొయ్యల ఫ్యాక్టరీలో ఉన్నాడు, మాట్లాడే వీల్లేదన్నాడు. ఊళ్ళో తమ వీధి చివర చిల్లర కొట్టాయన నంబరిచ్చి పెట్టేశాడు. కొట్టాయన ముందు ఎవరు, ఏమిటి, ఎందుకు అని అన్నీ ఆరా తీసి, అప్పుడు పేరయ్య భార్యని పిలుచుకొచ్చాడు. అంతసేపూ హెప్సిబా ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతల తక్కెడ చప్పుడూ, ఎవరో ఉల్లిపాయలు బేరమాడడమూ వింటూ కూర్చుంది.

"సిస్టరమ్మా, నువ్వా తల్లీ" అంది పేరయ్య భార్య. ఆ గొంతులో సంబరం విని హెప్సిబా నవ్వబోయింది.

"బాబాయ్ ఎట్టా ఉన్నాడు? అయిదో రోజున వచ్చాడా?"

"రాకుండా ఎట్టా ఉంటాడమ్మా? పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చాం. నువ్వు లేవన్నారు. కింద కట్లు కట్టే గదిలోకి పొమ్మన్నారు. ఈయన పోలా. సిస్టరమ్మే విప్పాలంది, ఆమె వచ్చినాకే విప్పిచ్చుకుంటా అని వరండాలో మధ్యాన్నం దాకా కూచుని, ఇంటికొచ్చేశాడు. మా ఊరి నర్సమ్మ గూడా రెండు మాట్లు వచ్చింది. ఆమెనీ ముట్టుకోనియ్యలా. నువ్వు తడపొద్దన్నావని పాలిథిన్ కవరు కట్టుకునే నీళ్ళు పోసుకుంటన్నాడు. నువ్వు కట్టిన కట్టు కట్టినట్టే ఉందమ్మా, చెక్కు చెదర్లా."

హెప్సిబా వేళ్ళ మీద లెక్కేసింది. ఇరవై రెండు రోజులు. షుగరు పుండు మీద ఒకే కట్టు ఇరవై రెండు రోజులు.

"వాసన ఏమైనా వస్తందా పిన్నీ?"

"రెండ్రోజుల్నించీ వస్తందమ్మా. అగరొత్తులు వెలిగిస్తన్నాం. రాత్రి నుంచి ఒళ్ళు గూడా కాలతంది. నువ్వెప్పుడొస్తావా అనే చూస్తన్నాడు."

హెప్సిబాకి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే భయం పట్టుకుంది. ఆ ముసలాయన ఆమె మాట పొల్లుపోకుండా విన్నాడు, కాలు కుళ్ళిపోతున్నా విన్నాడు. వినమని గట్టిగా చెప్పింది తనే. చెప్పినప్పుడు ఎంత గర్వంగా చెప్పిందో కూడా ఆమెకి గుర్తొచ్చింది. బల్ల పట్టుకుని లేచి నిలబడింది. సంచి భుజాన వేసుకుంది.

వంటింటి గుమ్మంలో నవమణమ్మ గారు కత్తిపీట పక్కన పెట్టి నిలబడి ఉన్నారు. "ఎక్కడికి?"

"పోవాలమ్మా. నేను పోయి విప్పాలి."

"రెండు బస్సులు మారాలి, ఆ మీద ఆటో. ఆ నడుంతో నువ్వు చేరేసరికి మూడవుద్ది. అంతదాకా ఆ కాలు ఆగుద్దా? కూర్చో."

హెప్సిబా కూర్చుంది. కళ్ళనీళ్ళు తుడుచుకుంది. కొట్టాయన్నే అడిగి ఊరి నర్సమ్మ నంబరు తీసుకుంది. ఆమె పేరు అంకమ్మ.

అంకమ్మ మంచి కోపం మీద ఉంది. "రెండు మాట్లు పోయానండీ ఎండన పడి. మనిషి కాలు చాపందే? పెద్దాస్పత్రి సిస్టరమ్మ, సిస్టరమ్మ అని ఒకటే జపం. మాకు చేతకాదా? మేం చదువుకోలా? మీరే వచ్చి విప్పుకోండి."

హెప్సిబా ఆమెని చివరిదాకా అననిచ్చి, అప్పుడు అంది. "తప్పు నాదమ్మా. ఎవర్నీ ముట్టుకోనియ్యొద్దని నేనే చెప్పాను. అట్టా చెప్పకూడదు. మీ పని మీకు తెలుసు. ఇప్పుడు మీరు పోకపోతే ఆ కాలు పోయిద్ది. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టండి, నేను చెబుతా."

అంకమ్మ మెత్తబడింది. పది నిమిషాల్లో పెట్టె తీసుకుని పేరయ్య ఇంటికి చేరింది. ఫోను గట్టిగా వినపడేటట్టు పెట్టి మంచం కోడు దగ్గర ఆనించింది.

"సిస్టరమ్మా" అన్నాడు పేరయ్య. జ్వరంతో గొంతు బొంగురుపోయి ఉంది. "నడుం పడిపోయిందంట గదమ్మా నీకు. తగ్గిందా?"

"తగ్గలేదు బాబాయ్. నా సంగతి తర్వాత. అంకమ్మ గారొచ్చారు. కట్టు విప్పించుకో."

"నువ్వు విప్పుతానంటివి గదా."

"అన్నాను. పొరపాటున అన్నాను."

"నువ్వు రావా?"

"రాలేను బాబాయ్." ఆ మాట ఆమె ఆ మూడు వారాల్లో ఎవరితోనూ అనలేదు, తనతో తను కూడా అనుకోలేదు. "ఇక ముందు కూడా రాలేను. ఇక్కడే ఉంటా. నీ చెవి దగ్గరే ఉంటా. ఆమెని విప్పనియ్యి."

అవతల మంచం కిర్రుమంది. కాలు చాపాడు.

"ముందు చేతులు కడుక్కోండి అంకమ్మ గారూ" అంది హెప్సిబా. చెంబుతో నీళ్ళు వంచుకుంటున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. అది ఆగేదాకా ఆగింది. "మడమ దగ్గర ముడి ఉంది. కత్తిరించండి. పైనుంచి కిందికి చుట్టు విప్పుతా రండి. లోపలి గుడ్డ అంటుకుపోయి ఉంటది, లాగొద్దు. సెలైన్ పోసి నాననియ్యండి. బాబాయ్, మంటగా ఉందా? లేదా? అసలు తెలియటం లేదా?" తెలియడం లేదన్నాడు పేరయ్య. అది మంచి మాట కాదని హెప్సిబాకి తెలుసు. గొంతులో ఏమీ తెలియనివ్వకుండా, ఈ ఏడు ఉప్పు ఎట్టా తేలిందని అడిగింది. ఆయన ఎండల గురించీ, మళ్ళ గురించీ చెబుతూ ఉన్నాడు. చెబుతున్నంతసేపూ హెప్సిబా కళ్ళు మూసుకునే ఉంది. బల్ల మీద ఆమె వేళ్ళు చుట్టు విప్పుతున్నట్టు కదులుతున్నాయి. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

అంకమ్మ ఫోను తీసుకుని బయటికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. అరికాలి పుండు తెల్లగా నానిపోయి ఉంది. చిటికెన వేలు నల్లబడింది. ఎరుపు చీలమండ దాకా ఎక్కింది.

ఆ తర్వాత హెప్సిబా ఏడవలేదు, ఏడవడానికి తీరిక లేదు. సర్జన్‌కి ఫోన్ చేసి చూసింది చూసినట్టు చెప్పింది. నిజానికి ఆమె చూడలేదు, కానీ చెప్పిన తీరుకి ఆయన రెండో ప్రశ్న వెయ్యకుండా వెంటనే తీసుకురమ్మన్నాడు. 108 బండికి చెప్పింది, ఊరికి ఏ దారిన రావాలో, ఏ కొట్టు దగ్గర మలుపు తిరగాలో కొట్టాయన చేతే చెప్పించింది. వార్డులో మంచాల్లేవన్నారు. ఇవాళ ఇంటికి పంపించేవాళ్ళెవరని అడిగి, పదకొండో నంబరు మంచం ఆయనవి కాగితాలే ఆలస్యమని తేల్చి, ముందు అవి చూడమంది. పదిహేనేళ్ళు ఆ వార్డులో తిరిగిన మనిషికి గాని తట్టని సంగతి అది. పేరయ్య భార్యని మళ్ళీ పిలిపించి, ఆరోగ్యశ్రీ కార్డూ, పాత కాగితాలూ, ఇన్సులిన్ సీసా గుర్తుగా తెచ్చుకోమంది. ఆపరేషన్ పడొచ్చు గనక దారిలో ఆయనకి తినడానికి ఏమీ పెట్టొద్దనీ, తల తిరిగినా చెమటలు పట్టినా బండిలో వాళ్ళకి వెంటనే చెప్పమనీ చెప్పింది. అది ఎందుకో కూడా చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకుంది. బండి ఊళ్ళోకి వచ్చింది, బయల్దేరింది, హైవే ఎక్కింది, ఆస్పత్రిలోకి తిరిగింది. ఒక్కొక్కటీ కాగితం వెనక టైముతో సహా రాసుకుంది. మధ్యలో నవమణమ్మ గారు కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టారు. అది అట్లాగే చల్లారిపోయింది.

మూడు కావస్తుండగా సర్జన్ ఫోన్ చేశాడు. "చిటికెన వేలు తీసెయ్యాలి సిస్టర్. పాదం దక్కుద్ది. రేపటికైతే ఆ మాట అనగలిగేవాణ్ణి కాదు." పక్క నుంచి పేరయ్య ఏదో అడుగుతున్నాడు. ఆయనకి ఫోనివ్వండి అంది హెప్సిబా.

"ఒక వేలు తీస్తారంట గదమ్మా" అన్నాడు పేరయ్య.

"అవును బాబాయ్. అది నా వల్లే పోయింది."

"పోనీలే తల్లీ. నువ్వు ఫోన్ చేస్తివి గదా" అన్నాడు ఆయన.

హెప్సిబా ఫోను బల్ల మీద పెట్టి, మొహం రెండు చేతుల్లో దాచుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. ఆ వేలు దక్కి ఉండేది. పదిహేడు రోజుల ముందు, ఎవరో ఒకరు ఒక కుర్చీలో కూర్చుని, పేరయ్యా ఇవాళ నువ్వు కట్టు మార్పించుకున్నావా అని అడిగి ఉంటే దక్కి ఉండేది. అట్లా అడగాల్సిన వాళ్ళు ఒకళ్ళుండాలని పదిహేనేళ్ళలో తనకే తట్టలేదు. నవమణమ్మ గారు ఓదార్చలేదు. ఏడుపు దానంతట అది ఆగేదాకా పక్కన నిలబడి, తర్వాత కంచాలు కడగడానికి లోపలికి వెళ్ళారు.

హెప్సిబా కళ్ళు తుడుచుకుని, బల్ల మీది కాగితం సర్దబోయి, తిప్పి చూసింది. అది రాజీనామా కాగితం. వెనకంతా నంబర్లూ, టైములూ, మందుల పేర్లూ, ఎరుపు ఎక్కడిదాకా ఎక్కిందో చూపించే కాలి బొమ్మా. ఇక దాన్ని ఎవరికీ ఇవ్వడానికి లేదు. నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. అయిదింటికి ఇంకా టైముంది.

"అమ్మా, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు" అంది.

"అన్నం వడ్డిస్తన్నా" అన్నారు నవమణమ్మ గారు లోపల్నించి. "చేతులు కడుక్కుని రా."

హెప్సిబా తన నున్నటి అరచేతులు చూసుకుంది. "పొద్దుటి నుంచి ఎవర్నీ ముట్టుకోలేదు కదమ్మా."

నవమణమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు. వీధి కుళాయి వైపు చూపించారు.

"ముట్టుకున్నావు. పోయి కడుక్కో."